ఇద్దరుంటేనే తిరిగే మర

ఇల్లు తగలబడుతున్నా సరే, పక్కవాళ్ళ తలుపు తట్టి బకెట్టు అడగడానికి మొహమాటపడి, బజారుకు వెళ్ళి కొత్త బకెట్టు కొనుక్కొచ్చే రకం మా ఇర్యా. ఎగతాళి చేస్తున్నాననుకోకండి. ఫిన్లాండ్ తీరంలోని ఈ రేవు ఊళ్ళో మేమందరం అదే తానులో ముక్కలమే. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే చాలు, వాళ్ళు దిగిపోయేదాకా బూట్లు తొడుక్కుని మరీ తలుపు వెనక నిలబడతాం. పలకరిస్తే వాళ్ళకు ఇబ్బంది, పలకరించకపోతే మనకు ఇబ్బంది. ఆ గొడవంతా ఎందుకని తలుపు కన్నంలోంచి చూసి, దారి ఖాళీ అయ్యాకే బయటపడతాం.

నా పేరు సిర్కా. ఒడ్డు మీద కాఫీ బడ్డీ నాది. కాఫీ, యాలకుల బన్ను, వేసవిలో కాల్చిన సాసేజీలు. ఎదురుగా ఉన్న పసుపుపచ్చ మేడలో నాలుగో అంతస్తు ఇర్యాది. రోజూ వచ్చి నా దగ్గర కాఫీ తాగుతుంది. నేను పోసిన కప్పులు లెక్కపెట్టలేను గానీ, ఆమె ఆడిన మాటలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది మహాతల్లికి. రిటైరయ్యేదాకా రేవులో క్రేను నడిపింది. ఆకాశంలో గాజు గదిలో ఒక్కతే. కిందివాళ్ళు చేతులూపితే పైనుంచి పెట్టెలు దించడం, అంతే. నోటితో పనే లేదు. "నాకోసమే కనిపెట్టిన ఉద్యోగం" అని మురిసిపోయేది.

అలాంటి ఇర్యా నోరు విప్పే చోటు ఊరు మొత్తంలో ఒక్కటే ఉండేది. తివాచీలు ఉతికే చెక్కవంతెన. మా ఇళ్ళలో నేల మీద పరిచేవన్నీ పేలికల తివాచీలే కదా, పాత చొక్కాలూ దుప్పట్లూ చించి నేసినవి. జూన్‌లో వచ్చే నడివేసవి పండగ యుహన్నుస్ లోపు వాటిని ఉతికి ఆరేయకపోతే ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే. అందుకని ఎండ మొహం చూడగానే ఊరంతా ఆ వంతెన మీదే. పైన్ సబ్బు వాసన, కుంచెల చప్పుడు, నీళ్ళ చిమ్ముడు. చివర్లో ఇనుప మర ఒకటి ఉండేది, రెండు పెద్ద రోలర్లూ ఒక చేతిపిడీ ఉన్నది. తడిసిన తివాచీని ఆ రోలర్ల మధ్యకు తోస్తే నీళ్ళన్నీ పిండేసి అవతలికి పంపేది. 

ఇర్యాకు మొగుడు దొరికింది అక్కడే, ఆయన పేరు తైస్తో. ఇటు ఈమె తోస్తుంటే అటు ఆయన పిడి తిప్పాడట. ఏం మాట్లాడాడే అని అడిగితే, "'వేలు జాగ్రత్త' అన్నాడు" అని చెప్పింది. అంతకంటే పెద్ద ప్రేమలేఖ ఈ ఊళ్ళో ఎవరికీ అందలేదు లెండి. ఆయన చనిపోయాక కూడా ప్రతి జూన్‌లోనూ ఆమె వంతెన మీదికి వచ్చేది. ఆ కాస్త రోజులూ గలగలా మాట్లాడేది. నవ్వేది కూడా. మళ్ళీ మిగతా ఏడాదంతా మామూలే.

తర్వాత వంతెన తీసేశారు. తియ్యకూడదని నేననను. సబ్బు నీళ్ళన్నీ సముద్రంలోకే పోయేవి, నీళ్ళు చూస్తే నాచు కట్టి పచ్చగా అయిపోయాయి. ఇర్యా కూడా, "సముద్రం మన ఇంటి మోరీ కాదుగా" అని ఒప్పుకుంది. వంతెన స్థలంలోనూ పక్కనున్న ఒడ్డు మీదా పెద్ద చౌకు కడతామన్నారు నగర కార్యాలయం వాళ్ళు. ఎలా కట్టమంటారో చెప్పండని ఇంటింటికీ ప్రశ్నలు పంపారు.

ఇక చూసుకోండి మా తెలివి. ఊరు ఊరంతా ఒకటే జవాబు రాసింది: ప్రశాంతంగా ఉండాలి, ఎవరూ ఎవరి జోలికీ రాకూడదు. నేనూ అదే రాశాను. ఇర్యా అయితే దాని కింద గీత కూడా గీసింది. పాపం వాళ్ళు మనం అడిగిందే కట్టారు. నున్నటి బూడిదరంగు రాయి పరిచారు. ఒక్కొక్కరు కూర్చునే కుర్చీలు, ఒకదానికొకటి ఎంత దూరమంటే, పక్కవాడికి తుమ్ము వస్తే చేయి ఊపి ఆశీర్వదించాల్సిందే. అన్నీ సముద్రం వైపే తిరిగి, నేలకు బోల్టులు బిగించి ఉన్నాయి. ఫోటోలో చూస్తే రెండు కళ్ళూ చాలవు.

అక్కడికి మనుషులు మాత్రం రాలేదు. సముద్రపు కాకులు వచ్చి కుర్చీకొకటి చొప్పున కూర్చునేవి. నేను బడ్డీలో ఈగలు తోలుకుంటూ వాటిని చూస్తూ కూర్చునేదాన్ని.

పోయిన చలికాలం ఇర్యా మంచు మీద జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ చెయ్యి భుజం పైకి లేవడం మానేసింది. సహాయానికి ఎవరినైనా పిలిచిందా? ఊహూఁ. ఎడమ చేత్తోనే అన్నీ ఈడ్చుకొచ్చింది. ఫిబ్రవరిలో వారం రోజులు కనబడకుండా పోయి, ఒకరోజు బడ్డీ దగ్గరికి వచ్చి కాఫీ అడగబోయింది. నోట్లోంచి గీరుకుపోయిన శబ్దమేదో వచ్చింది. దగ్గి, మళ్ళీ ప్రయత్నించింది.

"జలుబు చేసిందా?" అన్నాను.

"జలుబు కాదే సిర్కా. వారం నుంచి నోరు వాడలేదు. తుప్పు పట్టింది."

నవ్వుతూనే అంది. ఆ వంతెనే ఉంటే జూన్ కోసమైనా ఎదురుచూసేది కదా అనిపించింది.

ఏప్రిల్‌లో ఇంకో కబురు పిడుగులా పడింది. చౌకును ఎవరూ వాడటం లేదు కాబట్టి పక్క హోటలుకు ఇచ్చేస్తారట. వాళ్ళు కంచె వేసి, తమ అతిథులకు బల్లలు వేసుకుంటారట. అంటే ఒడ్డు మాది కాకుండా పోతుంది. ఇర్యా కిటికీలోంచి చూడొచ్చు, కాలు పెట్టకూడదు.

ఆ కబురు విన్న రోజు ఇర్యా కాఫీ తాగలేదు. కప్పు అక్కడే వదిలి, తిన్నగా నగర కార్యాలయానికి నడిచింది. చౌకు బొమ్మ గీసిన పిల్ల విల్యా అక్కడే పనిచేస్తుంది. ఆ తర్వాత విల్యానే నాకు చెప్పింది ఏం జరిగిందో.

"మీకు ఏం కావాలండీ?" అందట విల్యా.

"మీరేంటే పిల్లా, నేనేమైనా రాణినా? నువ్వు అను. ఆ చౌకులో తివాచీలు ఉతుక్కోనివ్వండి. సబ్బు నీళ్ళు సముద్రంలోకి పోకుండా మురుగు గొట్టంలోకి పెట్టండి. జనం వస్తారు."

"వస్తారని నమ్మకమేంటి? అంతమంది ప్రశాంతత కావాలని రాశారు కదా?"

"నేనూ రాశాను. తప్పు రాశాను. ఇంకేమన్నా అడగాలా?"

విల్యా మంచి పిల్ల. తను గీసిన చౌకు కాకులపాలైందని లోపల్లోపల కుమిలిపోతోంది. పైవాళ్ళతో పోట్లాడి ఒక్కరోజు అవకాశం తెచ్చింది. జూన్‌లో ఒక శనివారం చౌకులో తొట్లూ కొళాయిలూ పెడతారు, ఆరేసుకోవడానికి కమ్మీలు పెడతారు. మధ్యాహ్నం నగర కమిటీ పెద్దలు వచ్చి చూస్తారు. చౌకు నిండుగా ఉంటే మనది. ఖాళీగా ఉంటే హోటలుది.

ఇర్యా ఇంకొకటి కూడా అడిగి సాధించుకొచ్చింది. కరెంటుతో పిండే మర. "మీట నొక్కితే చాలే, దానంతటదే పిండేస్తుంది. ఇక ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు" అని గొప్పగా చెప్పింది నాకు. 

"శభాష్! మంచి పని చేశావ్" అన్నాను నేను. ఇద్దరికిద్దరం సరిపోయాం!

ఆ శనివారం ఎండ విరగకాసింది. పొద్దున్నే జనం చుట్టలు చుట్టిన తివాచీలు భుజాన వేసుకుని బయల్దేరారు. వాళ్ళను చూసి నా కడుపు నిండిపోయింది. నాలుగు పళ్ళేలు బన్నులు ఎక్కువే కాల్చాను. తొట్ల పక్కన అంకెల చీటీలిచ్చే డబ్బా ఉంది. అందరూ చీటీ తీసుకుని, ఒకరికొకరు తగలనంత దూరంలో నిలబడ్డారు. వంతు రాగానే తొట్టి దగ్గరికెళ్ళి, తల వంచుకుని ఉతుక్కుని, కరెంటు మరలో పెట్టి మీట నొక్కి, ఆరేసి, ఇంటికి పోయారు. ఆరాక వచ్చి తీసుకుపోతారట.

భక్తులు లేని గుడిలా ఉంది నా బడ్డీ. ఒక్క బన్ను కూడా కదల్లేదు. పదకొండు గంటలకల్లా కమ్మీల నిండా రంగురంగుల తివాచీలు, మనుషులు మాత్రం ఇద్దరో ముగ్గురో. విల్యా గోళ్ళు కొరుక్కుంటోంది. ఇర్యా వచ్చి నా పక్కన నిలబడింది.

"వచ్చారే సిర్కా. వచ్చి కూడా ఉండటం లేదు" అంది.

వంతెన మీద అంత సందడి ఉండేదంటే సముద్రం గాలి వల్లనో, నీళ్ళ వల్లనో అనుకునేవాళ్ళం. ఆ గాలీ నీళ్ళూ ఇక్కడే ఉన్నాయి. మరి పోయిందేమిటి?

ఏమైతే అదవుతుందని ఇర్యా తన తివాచీ పట్టుకొచ్చింది. వాళ్ళ ఇంట్లోకెల్లా పెద్దది అది, తైస్తో పనికి తొడిగే నీలం చొక్కాలు చించి నేసింది. నీళ్ళు పీల్చాక దూడంత బరువైంది. రెండో కొస ఎవరైనా పట్టుకోవాల్సిందే. ఈవిడ అడుగుతుందా? మధ్యకు మడిచి, ఎడమ చేత్తో ఈడ్చి, ఆ రెండు మడతల లావునూ అలాగే మరలోకి కుక్కి మీట నొక్కింది. 

మర ఒకసారి మూలిగింది. తర్వాత దడదడలాడింది. తర్వాత రబ్బరు కాలిన కంపు కొట్టి, తివాచీని సగం మింగి ఆగిపోయింది.

అయిపోయింది. ఒక్కరోజు అవకాశం, ఆ ఒక్కరోజూ తన చేత్తోనే పాడుచేసుకుంది. వరసలో మిగిలినవాళ్ళు చీటీలు చూసుకుని, గడియారాలు చూసుకుని, తడి తివాచీలతో ఏం చేయాలో తెలీక దిక్కులు చూస్తున్నారు. విల్యా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇర్యా ఆ మర మీద చెయ్యి వేసి కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. కాసేపటికి తల తిప్పి నా బడ్డీ వైపు చూసింది. నన్ను కాదు, బడ్డీ వెనక్కి.

అక్కడ వంతెన మీది పాత ఇనుప మర ఉంది. వంతెన తీసేసిన రోజు పారేస్తుంటే నేనే ఈడ్చుకొచ్చాను. జెరేనియం పూల కుండీలు పెట్టుకోవడానికి బాగుంటుందని. ఇర్యా వచ్చి ఒక్కో కుండీ కింద పెట్టడం మొదలెట్టింది. చక్రాలున్నాయి కాబట్టి నేనూ విల్యా తోసుకుంటూ చౌకు మధ్యకు తెచ్చాం. పిడి కదల్లేదు. సాసేజీలు కాల్చే నూనె తెచ్చి దాని కీళ్ళలో పోశాను. కీచుమని ఏడ్చి తిరిగింది.

కానీ అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు తివాచీని తోయాలి, ఒకరు పిడి తిప్పాలి. పిడి తిప్పడానికి ఇర్యాకు భుజం లేదు. నేను తిప్పగలను. కానీ అడక్కుండా చెయ్యేస్తే కొట్టినంత పని చేస్తుంది, అది నాకు ఎప్పటినుంచో తెలుసు. పైగా ఆ క్షణాన నాకెందుకో మొండితనం వచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. అడగనీ ఒక్కసారైనా అనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఇర్యా తివాచీని పాత రోలర్ల ముందు పెట్టింది. పిడి వైపు చూసింది. వరసలో నిలబడ్డ జనాన్ని చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. దగ్గింది.

"కాంతోలా!" అని కేకేసింది.

ఉలిక్కిపడ్డాను. వరసలో చివరన నిలబడ్డ పొడుగాటి మనిషి దొంగ దొరికిపోయినట్టు అదిరిపడ్డాడు.

"నిన్నేనయ్యా, మూడో అంతస్తు కాంతోలా! నా చెయ్యి పైకి లేవదు. కాస్త ఇది తిప్పిపెడతావా?"

ఆయన తన తివాచీ కింద పెట్టి మెల్లగా వచ్చాడు. "నా పేరు నీకెలా తెలుసు?" అన్నాడు.

"నీ తలుపు మీద రాసుందిగా. పన్నెండేళ్ళ నుంచి చదువుతూనే ఉన్నా."

కాంతోలా పిడి పట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. "నేనూ పన్నెండేళ్ళ నుంచి నిన్ను తలుపు కన్నంలోంచి చూస్తూనే ఉన్నా. నువ్వు దిగేదాకా ఆగి వస్తా."

"ఓరి నీ! నేనూ నువ్వు దిగేదాకా ఆగుతాగా! అందుకేనా ఇద్దరికీ రోజూ బస్సు తప్పిపోయేది?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కాంతోలా తిప్పాడు. రోలర్ల కింద నీళ్ళు జలజలా కారాయి. నీలం తివాచీ బల్లపరుపుగా అవతలికి వచ్చింది, దాన్ని నేలకు తగలకుండా పట్టుకోవడానికి విల్యా పరిగెత్తింది. తన గౌను తడిసి ముద్దయింది.

"వేలు జాగ్రత్త!" అని విల్యాను చూసి అరిచింది ఇర్యా. అరిచాక ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ మాట ఒకప్పుడు ఆమెకు ఎవరు చెప్పారో నాకూ తెలుసు.

ఇక అక్కడినుంచి చూడాలి. కాంతోలా తివాచీకి పిడి తిప్పేవాళ్ళు కావాలి. తర్వాత నంబరు ఆవిడ వచ్చి పట్టుకుంది. ఆవిడ సాయం చేసింది కాబట్టి ఆవిడ కోసం కాంతోలా ఆగాడు. తన తివాచీ అయ్యాక ఆవిడ పోదామనుకుంటే, ఇంకొకాయన, "అమ్మా, నాకూ కాస్త" అన్నాడు. అడగడమంటే ప్రాణం పోయే మా జనం అడుగుతున్నారు! గత్యంతరం లేదు మరి. మర అడిగిస్తోంది. తనకు ఎవరో తిప్పారు కాబట్టి తనూ ఇంకొకరికి తిప్పాకే కదలాలని, ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతి పడింది. ఆరేసినవాళ్ళు వెనక్కి రావడం మొదలెట్టారు. అంకెల చీటీలు తడి నేలకు అతుక్కుపోయాయి, ఎవరూ వాటి మొహం చూడలేదు.

"ఇంత మెల్లగా తిప్పితే వచ్చే క్రిస్మసుకు ఆరుతుంది!"

"నీకు తొందరైతే నువ్వు రా, చూద్దాం నీ కండలు!"

"ఈ తివాచీలో ఈ గళ్ళ గుడ్డ ఏంటి, మీ ఆయన పైజామానా?"

"అవును, ఆయన్ని అడక్కుండానే చించా. చెప్పకే తల్లీ!"

కుర్చీలు కూర్చుని కబుర్లాడుకోవడానికి పనికి రావు కదా, బోల్టులు బిగించినవి. ఖాళీ అయిన తొట్లు బోర్లించుకుని మర చుట్టూ కూర్చున్నారు. ఒక్క కుర్చీని మాత్రం వాడారు, కాఫీ పళ్ళెం పెట్టుకోవడానికి. నా బన్నులు చెల్లిపోయాయి. సాసేజీలు చెల్లిపోయాయి. ఉత్త కాఫీ పోసి ఇస్తున్నా, చేతులు రెండు చాలడం లేదు, నోరు మాత్రం ఊరుకుంటేనా! కాకులు దీపస్తంభాల మీదికి ఎగిరిపోయి గోల పెట్టాయి, మా కుర్చీలు ఏం చేశారని కాబోలు.

కమిటీ పెద్దలు వచ్చేసరికి ఇదీ పరిస్థితి. కమిటీ అధ్యక్షుడు రువోకొనెన్ టై కట్టుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని అంచున నిలబడ్డాడు. ఇర్యా చూసింది. తుప్పు వదిలిపోయింది కదా ఇప్పుడు.

"ఏమయ్యా, అక్కడ నిలబడి ఏం చూస్తావ్? రా, పిడి పట్టు! మనిషి తక్కువైంది!"

ఆయన అటూ ఇటూ చూశాడు. ఇంకెవరినో అనుకున్నాడు కాబోలు. తప్పించుకోవడానికి చోటు లేదు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. టై భుజం మీదికి వేసుకుని వచ్చాడు. పిడి తిప్పాడు. నీళ్ళు ఆయన బూట్లలోకి పోయాయి.

"గట్టిగా తిప్పండి సారూ! మేం కట్టిన పన్నులు కూడా దాంట్లోంచి కారాలి!" అని కాంతోలా అన్నాడు. పన్నెండేళ్ళు తలుపు వెనక దాక్కున్న మనిషి! చౌకంతా గొల్లుమంది. రువోకొనెన్ కూడా నవ్వాడు. ఒకరి తర్వాత ఒకరికి తిప్పుతూనే ఉన్నాడు, పక్కనున్న కమిటీ ఆవిడ, "మనం వెళ్ళాలి" అంటే, "ఉండమ్మా, ఈవిడది సగంలో ఉంది" అన్నాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కాఫీ పోశాను, ఎవరి కప్పులో ఉప్పగా తగిలిందో తెలీదు.

హోటలువాళ్ళకు పోలేదు ఒడ్డు. అది మాది. తొట్లు శాశ్వతంగా కట్టారు, మురుగు గొట్టాలతో సహా. కుర్చీల బోల్టులు విల్యా దగ్గరుండి ఊడదీయించింది, ఇప్పుడు వాటిని ఎవరికి కావలసినట్టు వాళ్ళు ఈడ్చుకుంటారు. కరెంటు మర బాగుచేసి తెస్తామన్నారు.

"వద్దు" అంది ఇర్యా.

"చేత్తో తిప్పేదైతే ఒంటరిగా వచ్చినవాళ్ళు ఎలా పిండుకుంటారు?" అంది విల్యా.

"ఒంటరిగా పిండుకోలేరు. అందుకే." అని, ఇర్యా నా దగ్గర ఇంకో బన్ను తీసుకుంది. విల్యా ఆమెను కావలించుకుంది. మా ఊళ్ళో అలా కావలించుకోరు. ఇర్యా కాసేపు కర్రలా బిగుసుకుపోయి, తర్వాత ఎడమ చేత్తో ఆ పిల్ల వీపు తట్టింది.

మొన్న ఒక పొద్దున బడ్డీ తెరుస్తూ ఎదుటి మేడ వైపు చూశాను. తలుపు తెరుచుకుని ఇర్యా, కాంతోలా కలిసి బయటికి వచ్చారు. ఇద్దరి మధ్యా ఉతుకుల తొట్టి, చెరో పిడీ పట్టుకుని మోసుకొస్తున్నారు. ఏదో వాదించుకుంటున్నారు, ఇర్యా గొంతు ఒడ్డు దాకా వినబడుతోంది. పాపం ఏ బరువు తివాచీనో అనుకుని, ఓ చెయ్యి వేద్దామని ఎదురెళ్ళాను.

తొట్టిలోకి చూశాను. ఖాళీగా ఉంది.

"ఏంటే ఇది?" అన్నాను.

"నోరు మూసుకో సిర్కా. కాఫీ రెండు పెట్టు" అంది ఇర్యా.